విలియం కేరీ

విలియం కేరీ (ఆగస్టు 17, 1761 - జూన్ 9, 1834) ఇంగ్లాండు దేశానికి చెందిన బాప్టిస్టు మిషనరీ, బహుభాషావేత్త, వృక్షశాస్త్రజ్ఞుడు. చెప్పులు కుట్టే వృత్తితో జీవితం ప్రారంభించిన ఇతడు 1793లో బెంగాలుకు వచ్చి, నలభై సంవత్సరాలకు పైగా అక్కడే నివసించి, అక్కడే మరణించాడు. బెంగాలీ గద్యరచనకు, భారతీయ భాషల ముద్రణకు ఇతడు చేసిన సేవ సుప్రసిద్ధం. తన సహచరులైన జాషువా మార్ష్‌మన్, విలియం వార్డులతో కలిసి 1818లో స్థాపించిన శ్రీరాంపూర్ కళాశాల ఇతని కృషిలో ముఖ్యమైనది. క్రైస్తవ బోధకులను తయారుచేయడం ఈ కళాశాల ప్రధానోద్దేశం. అయినప్పటికీ హిందూ, ముస్లిం విద్యార్థులకు కూడా ప్రవేశం కల్పించి, అందరికీ ఒకేచోట విద్య నేర్పడం దీని ప్రత్యేకత. 1814లో తెలుగు భాషకు వ్యాకరణం రచించినందువల్ల తెలుగువారి చరిత్రలో కూడా కేరీకి స్థానం ఉన్నది.

బాల్యం, స్వయంకృషి

కేరీ ఇంగ్లాండులోని నార్తాంప్టన్‌షైర్‌కు చెందిన పాలర్స్‌పరీ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి ఎడ్మండ్ కేరీ చేనేత కార్మికుడు. తరువాతి కాలంలో గ్రామ పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. ఐదుగురు సంతానంలో విలియం పెద్దవాడు. గ్రామ పాఠశాలతోనే ఇతని చదువు ముగిసింది. సుమారు పద్నాలుగేళ్ళ వయసులో పిడింగ్టన్ గ్రామంలో ఒక చర్మకారుని వద్ద పనివాడుగా చేరి, పని చేసుకుంటూనే లాటిన్, గ్రీకు, హీబ్రూ భాషలను స్వయంగా అభ్యసించాడు.

తోటి పనివాడైన జాన్ వార్ ప్రభావంతో కేరీ ఆంగ్లికన్ సంఘాన్ని విడిచి, దానితో విభేదించే డిసెంటర్లలో కలిశాడు. 1783 అక్టోబరు 5న నెన్ నదిలో బాప్తిస్మం పొందాడు. ఆ రోజుల్లో ఆంగ్లికన్ సిద్ధాంతాలకు సమ్మతి తెలిపినవారికే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలు పట్టాలు ఇచ్చేవి. అందుచేత కేరీ వంటి డిసెంటర్లకు, వారెంత ప్రతిభావంతులైనా, ఆ పట్టాలు అందుబాటులో లేవు. మతవిశ్వాసం కారణంగా విద్యాసంస్థ తలుపులు మూసుకోవడం ఎటువంటిదో ఇతనికి తన సమాజపు అనుభవం నుండే తెలుసు. శ్రీరాంపూర్ కళాశాల నిబంధనలను పరిశీలించేటప్పుడు ఈ విషయం గుర్తుంచుకోదగినది.

1781లో డొరోతి ప్లాకెట్‌తో ఇతని వివాహం జరిగింది. ఆమెకు అప్పటికి చదవడం, వ్రాయడం రాదు. పెళ్ళి రిజిస్టరులో సంతకానికి బదులు గుర్తు పెట్టింది. 1785 నుండి మౌల్టన్‌లో ఉపాధ్యాయుడుగాను, బోధకుడుగాను, 1789 నుండి లెస్టర్ పట్టణంలో సంఘకాపరిగాను కేరీ పనిచేశాడు.

మిషనరీ సంఘ స్థాపన

కెప్టెన్ కుక్ సముద్రయాన గ్రంథాలు చదివిన కేరీకి ప్రపంచ భూగోళంపై ఆసక్తి పెరిగింది. క్రైస్తవేతర దేశాలలో సువార్త ప్రకటించడం క్రైస్తవుల బాధ్యత అని వాదిస్తూ 1792లో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. అందులో ప్రపంచ దేశాల వైశాల్యం, జనాభా, మతాల వివరాలను పట్టికలుగా ఇచ్చాడు. అదే సంవత్సరం అక్టోబరు 2న కెట్టరింగ్ పట్టణంలో కొద్దిమంది బోధకులు సమావేశమై బాప్టిస్టు మిషనరీ సంఘాన్ని స్థాపించారు. మొదటిరోజు చందాల మొత్తం 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. ఆండ్రూ ఫుల్లర్ ఈ సంఘానికి కార్యదర్శి అయ్యాడు.

అప్పటికే బెంగాలులో ఉండి వచ్చిన వైద్యుడు జాన్ థామస్‌తో కలిసి కేరీ భారతదేశానికి రావడానికి సిద్ధమయ్యాడు. ప్రయాణానికి మొదట నిరాకరించిన డొరోతి, చివరకు చెల్లెలు తోడురాగా అంగీకరించింది. అనుమతి లేని మిషనరీలను ఈస్టిండియా కంపెనీ తన ఓడలలో రానిచ్చేది కాదు. అందువల్ల 1793 జూన్ 13న ఒక డేనిష్ ఓడలో బయలుదేరి, నవంబరులో కలకత్తా చేరుకున్నారు.

బెంగాలులో తొలి సంవత్సరాలు

మొదటి సంవత్సరాలు చాలా కష్టంగా గడిచాయి. డబ్బు త్వరలోనే అయిపోయింది. 1794లో మాల్దా సమీపంలోని మదనాబతిలో నీలిమందు కర్మాగారానికి నిర్వాహకుడుగా కేరీకి ఉద్యోగం దొరికింది. అదే సంవత్సరం ఐదేళ్ళ కుమారుడు పీటర్ రక్తవిరేచనాలతో మరణించాడు. ఆ తరువాత డొరోతికి మతి చలించింది. 1807లో మరణించేవరకు ఆమె కోలుకోలేదు. ఆమె ఇష్టానికి విరుద్ధంగా జరిగిన ఈ ప్రయాణానికి ఆ కుటుంబం చెల్లించిన మూల్యాన్ని కేరీ జీవితచరిత్రకారులు తరచు చర్చించారు.

ఈ కాలంలోనే రామ్ రామ్ బసు అనే మున్షీ సహాయంతో కేరీ బెంగాలీ నేర్చుకొని, కొత్త నిబంధనను ఆ భాషలోకి అనువదించసాగాడు. తరువాత సంస్కృతం కూడా అభ్యసించాడు. బెంగాలు పండితుల గౌరవం పొందాలన్నా, ఈ దేశపు ఆలోచనా విధానం తెలియాలన్నా సంస్కృతం తప్పనిసరి అన్న నిర్ణయానికి వచ్చాడు.

శ్రీరాంపూర్ త్రయం

1799లో పాఠశాల ఉపాధ్యాయుడు జాషువా మార్ష్‌మన్, ముద్రాపకుడు విలియం వార్డు మొదలైనవారు ఇంగ్లాండు నుండి వచ్చారు. కంపెనీ ప్రాంతంలో నివసించే అవకాశం లేకపోవడంతో కలకత్తాకు ఎగువన, హుగ్లీ నది ఒడ్డున, డెన్మార్కు పాలనలో ఉన్న శ్రీరాంపూర్ (సేరంపూర్) పట్టణంలో దిగారు. అక్కడి డేనిష్ గవర్నరు ఓలే బీ వారికి ఆశ్రయమిచ్చాడు. 1800 జనవరిలో కేరీ కూడా అక్కడికి చేరాడు. కేరీ, మార్ష్‌మన్, వార్డులను కలిపి శ్రీరాంపూర్ త్రయం అని పిలుస్తారు. వీరి కుటుంబాలు ఉమ్మడిగా జీవించేవి. సంపాదన అంతా ఉమ్మడి నిధికే చేరేది. మార్ష్‌మన్, అతని భార్య హన్నా నడిపిన పాఠశాలల ఆదాయం, వార్డు ముద్రణాలయ ఆదాయం, కేరీ జీతం ఈ నిధికి ఆధారాలు.

1800 డిసెంబరు 28న కృష్ణపాల్ అనే వడ్రంగి బాప్తిస్మం పొందాడు. అంతకుముందే అతడు మిషనరీలతో కలిసి భోజనం చేసి కులకట్టుబాటును విడిచాడు. శ్రీరాంపూర్ సంఘంలో కులభేదాలకు తావు ఉండరాదని ఆరంభంలోనే నిర్ణయించారు.

1801లో బెంగాలీ కొత్త నిబంధన ముద్రణ పూర్తయింది. అదే సంవత్సరం కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో కేరీ బెంగాలీ, సంస్కృత భాషల అధ్యాపకుడుగా నియమితుడయ్యాడు. కంపెనీ ఉద్యోగులుగా వచ్చే ఆంగ్ల యువకులకు దేశభాషలు నేర్పే సంస్థ ఇది. మృత్యుంజయ విద్యాలంకార్ వంటి పండితులు ఇక్కడ ఇతని సహోద్యోగులు. ఇలా ఒక క్రైస్తవ మిషనరీ, బ్రాహ్మణ పండితులు సుమారు మూడు దశాబ్దాలు ఒకే విభాగంలో కలిసి పనిచేశారు. ఈ అనుభవమే తరువాతి కాలపు శ్రీరాంపూర్ కళాశాలకు ఒక విధంగా పునాది అయింది.

భాషా సేవ

కేరీ బెంగాలీ (1801), మరాఠీ (1805), సంస్కృతం (1806), పంజాబీ (1812) మొదలైన భాషలకు వ్యాకరణాలు ప్రకటించాడు. ఇతని బెంగాలీ నిఘంటువు 1815-1825 మధ్య వెలువడింది. మార్ష్‌మన్‌తో కలిసి వాల్మీకి రామాయణంలో కొంతభాగాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు. పంచానన్ కర్మకార్ వంటి నిపుణులు పోతపోసిన అచ్చు అక్షరాలతో శ్రీరాంపూర్ ముద్రణాలయం ఎన్నో భాషల పుస్తకాలను వెలువరించింది. బైబిలు గాని, అందులోని భాగాలు గాని సుమారు 40 భాషలలో ఇక్కడి నుండి ప్రచురితమయ్యాయి. 1818లో బెంగాలీలో దిగ్దర్శన్ మాసపత్రిక, సమాచార్ దర్పణ్ వారపత్రిక ప్రారంభమయ్యాయి.

1812 మార్చి 11న ముద్రణాలయంలో అగ్నిప్రమాదం జరిగి కాగితం, అచ్చు అక్షరాలు, నిఘంటువుల, వ్యాకరణాల వ్రాతప్రతులు కాలిపోయాయి. కొన్ని వారాలలోనే పని తిరిగి మొదలయింది. కరిగిపోయిన లోహంతోనే కొత్త అక్షరాలు పోతపోశారు.

తెలుగుతో సంబంధం

విశాఖపట్నంలో 1805 నుండి పనిచేసిన లండన్ మిషనరీ సంఘానికి చెందిన అగస్టస్ డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ సహాయంతో తెలుగులోకి అనువదించిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లోనే అచ్చయ్యాయి. 1814లో కేరీ రచించిన తెలుగు వ్యాకరణం అక్కడే ప్రచురితమైంది. ఆంగ్లంలో వ్రాయబడిన ఈ గ్రంథంలో తెలుగును తెలింగ భాషగా పేర్కొన్నారు. 1818లో శ్రీరాంపూర్ తెలుగు కొత్త నిబంధన వెలువడింది.

దక్షిణాది భాషలు సంస్కృతం నుండి పుట్టాయని కేరీ, నాటి ఇతర పండితుల వలెనే, భావించాడు. 1816లో మద్రాసులో వెలువడిన ఎ.డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి వ్రాసిన పీఠికలో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ ఈ అభిప్రాయాన్ని ఖండించి, తెలుగు, తమిళం, కన్నడం మొదలైనవి వేరొక కుటుంబానికి చెందినవని నిరూపించాడు. తరువాత వచ్చిన కాంప్‌బెల్, సి.పి. బ్రౌనుల కృషి ముందు కేరీ తెలుగు వ్యాకరణం మరుగున పడింది.

శ్రీరాంపూర్ కళాశాల

ఐరోపా నుండి వచ్చే కొద్దిమంది మిషనరీలతో ఇంత పెద్ద దేశంలో క్రైస్తవం వ్యాపించదని, ఆ పని ఈ దేశస్థులే చేయాలని కేరీ నమ్మాడు. బోధకుడైన భారతీయుడు తన ప్రజల భాషను, సాహిత్యాన్ని, తత్త్వశాస్త్రాన్ని పండితులతో సమానంగా ఎరిగి ఉండాలని ఇతని అభిప్రాయం. ఈ ఉద్దేశంతో 1818 జూలై 15న శ్రీరాంపూర్ త్రయం ఒక ప్రణాళికను ప్రకటించింది. ఆసియా ఖండపు క్రైస్తవ యువకులకు, ఇతర యువకులకు ప్రాచ్య సాహిత్యాన్ని, పాశ్చాత్య విజ్ఞానశాస్త్రాన్ని బోధించే కళాశాల అని అందులో పేర్కొన్నారు. పేరులోనే ఇతర యువకులను చేర్చడం గమనార్హం.

మొదట 37 మంది విద్యార్థులు చేరారు. వీరిలో 19 మంది క్రైస్తవులు, మిగిలినవారు హిందువులు. క్రైస్తవ విద్యార్థులు కళాశాలలోనే నివసించేవారు. భోజన నియమాలు, ఆచారాల కారణంగా హిందూ విద్యార్థులు బయట నివసిస్తూ తరగతులకు వచ్చేవారు.

పాఠ్యక్రమంలో సంస్కృతానికి ప్రధాన స్థానం ఉండేది. విజ్ఞానశాస్త్రాన్ని సాధ్యమైనంతవరకు బెంగాలీలో బోధించాలని, ఆంగ్లాన్ని మాతృభాషలోను, సంస్కృతంలోను గట్టి పునాది ఏర్పడిన విద్యార్థులకే నేర్పాలని నిర్ణయించారు. వేదాంతవిద్యతో పాటు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రాలను కేరీ స్వయంగా బోధించాడు. 1821లో స్కాట్లాండు నుండి వచ్చిన జాన్ మాక్ రసాయనశాస్త్రం బోధించి, 1834లో ఆ విషయంపై బెంగాలీలో పాఠ్యపుస్తకం ప్రచురించాడు. హుగ్లీ ఒడ్డున, బరాక్‌పూర్‌లోని గవర్నరు జనరలు భవనానికి ఎదురుగా, ఎత్తైన స్తంభాలతో నిర్మించిన కళాశాల భవనం నేటికీ ఉపయోగంలో ఉన్నది.

ఒకే చోట రెండు రకాల విద్యార్థులను ఉంచడంలో కేరీకి రెండు ఉద్దేశాలు ఉన్నాయి. మొదటిది, కాబోయే క్రైస్తవ బోధకులు తమ సమాజం నుండి వేరుపడి, విదేశీ పద్ధతులకు అలవాటుపడకుండా చూడడం. రెండవది, క్రైస్తవేతర విద్యార్థులకు కూడా విజ్ఞానం అందజేసి, దాని ద్వారా క్రైస్తవ భావాలు పరిచయం చేయడం. అందుచేత ఈ సంస్థను నేటి అర్థంలో సర్వమత సంస్థ అనలేము. మతప్రచార లక్ష్యాన్ని కేరీ ఏనాడూ దాచలేదు. కాని మతాంతరీకరణను గాని, క్రైస్తవ విశ్వాసాన్ని గాని ప్రవేశానికి షరతుగా పెట్టలేదు.

విరాళాల వివాదం

ఈ విధానం అందరికీ నచ్చలేదు. సువార్త కొరకు ఇచ్చిన ధనాన్ని హిందూ యువకుల లౌకిక విద్యకు ఖర్చు చేస్తున్నారని ఇంగ్లాండులో విమర్శలు వచ్చాయి. 1818 చివరలో బయలుదేరిన వార్డు ఇంగ్లాండులోను, అమెరికాలోను పర్యటించి కళాశాల కొరకు విరాళాలు సేకరించాడు. అమెరికాలో సుమారు పదివేల డాలర్లు సమకూరాయి. అయితే ఆ ధనాన్ని క్రైస్తవ పరిచర్యకు సిద్ధపడే యువకుల శిక్షణకే వినియోగించాలని, విజ్ఞానశాస్త్ర బోధనకు వాడరాదని అక్కడి ధర్మకర్తలు షరతు విధించారు. కేరీ దీనిని తీవ్రంగా ఆక్షేపిస్తూ వారికి లేఖ వ్రాశాడు. విజ్ఞానశాస్త్రం తెలియకుండా బోధకుడు ఎలా తయారవుతాడని, అమెరికాలో తమ బోధకులను అలాగే తయారుచేస్తున్నారా అని ప్రశ్నించాడు. పాఠశాల చదువుతో ఆగిపోయిన ఒక చర్మకారుడు, బోధకుల విద్యకు హద్దులు గీయడాన్ని ఇలా ఎదిరించడం ఇతని జీవితంలో ఒక ముఖ్య ఘట్టం.

1815లో ఆండ్రూ ఫుల్లర్ మరణించిన తరువాత ఇంగ్లాండులోని మిషనరీ సంఘానికి, శ్రీరాంపూర్ త్రయానికి మధ్య విభేదాలు పెరిగాయి. శ్రీరాంపూర్ ఆస్తులపై అధికారం ఎవరిదన్నది ముఖ్యమైన తగాదా. కొత్తగా వచ్చిన యువ మిషనరీలు కలకత్తాలో వేరే కేంద్రం పెట్టుకున్నారు. 1827లో శ్రీరాంపూర్ మిషన్ మాతృసంస్థ నుండి విడిపోయింది. తాను స్థాపకులలో ఒకడైన సంఘం నుండే కేరీ వేరుపడవలసి వచ్చింది.

రాజశాసనం, నిబంధనలు

1827 ఫిబ్రవరి 23న డెన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరిక్ కళాశాలకు పట్టాలు ప్రదానం చేసే అధికారమిస్తూ రాజశాసనం జారీచేశాడు. ఇందుకోసం మార్ష్‌మన్ కోపెన్‌హాగన్ వెళ్ళి కృషిచేశాడు. 1833లో కళాశాల నిబంధనలు రూపొందాయి. వీటిలో ముఖ్యమైనవి:

* కళాశాల అధ్యక్షుడు, పాలకమండలి సభ్యులు క్రీస్తు దైవత్వాన్ని, ప్రాయశ్చిత్త సిద్ధాంతాన్ని విశ్వసించేవారై ఉండాలి.
* ప్రొటెస్టెంటు, రోమన్ కాథలిక్కు, గ్రీకు, ఆర్మీనియను సంఘాలలో ఏ సంఘానికి చెందిన క్రైస్తవులైనా విద్యార్థులుగా చేరవచ్చును.
* హిందూ, ముస్లిం యువకులు కూడా చదువు కొరకు చేరవచ్చును. వారి ఆచారాలు అనుమతించవు కాబట్టి కళాశాలలో నివసించనవసరం లేదు.
* కులం, వర్ణం, దేశం ప్రవేశానికి అడ్డుకారాదు.

అంటే పాలనకు మతవిశ్వాసం షరతు, విద్యకు కాదు. అదే కాలంలో ఇంగ్లాండులోని రెండు ప్రాచీన విశ్వవిద్యాలయాలు తోటి క్రైస్తవులకే పట్టాలు నిరాకరిస్తుండగా, బెంగాలులోని ఒక చిన్న కళాశాల ఈ నిబంధనలు చేసుకున్నది.

ఇతర సేవలు

మొక్కలపై కేరీకి చిన్ననాటి నుండి మక్కువ. శ్రీరాంపూర్‌లో సుమారు ఐదు ఎకరాల వృక్షోద్యానాన్ని పెంచాడు. 1820లో వ్యవసాయ, ఉద్యానవన సంఘాన్ని స్థాపించాడు. మిత్రుడైన విలియం రాక్స్‌బర్గ్ వృక్షశాస్త్ర గ్రంథాలకు సంపాదకత్వం వహించాడు. కుంభి చెట్టు ప్రజాతికి రాక్స్‌బర్గ్ కేరీయా అనే పేరు పెట్టాడు.

శిశువులను గంగలో వదిలే ఆచారాన్ని, సహగమనాన్ని కేరీ వ్యతిరేకించాడు. 1829 డిసెంబరులో సహగమనాన్ని నిషేధిస్తూ వెలువడిన ప్రభుత్వ శాసనాన్ని బెంగాలీలోకి అనువదించింది ఇతడే.

చివరి సంవత్సరాలు

డొరోతి మరణానంతరం 1808లో కేరీ షార్లెట్ రూమోర్‌ను వివాహమాడాడు. ఆమె 1821లో మరణించింది. తరువాత గ్రేస్ హ్యూస్‌ను వివాహం చేసుకున్నాడు. 1822లో పెద్ద కుమారుడు ఫెలిక్స్, 1823లో కలరాతో వార్డు మరణించారు. 1823లో వచ్చిన వరదలో ఇతని ఇల్లు, తోట నాశనమయ్యాయి. 1830 తరువాత కలకత్తా వాణిజ్య సంస్థలు వరుసగా దివాళా తీయడంతో మిషన్ నిధులు పోయాయి. అదే సమయంలో ఫోర్ట్ విలియం కళాశాలలో ఉద్యోగం కూడా రద్దయింది. కళాశాలకు నిధులు లేని పరిస్థితిలోనే కేరీ 1834 జూన్ 9న శ్రీరాంపూర్‌లో మరణించాడు. అక్కడి శ్మశానవాటికలోనే ఇతనిని సమాధి చేశారు. మార్ష్‌మన్ 1837లో మరణించాడు.

ఆ తరువాత విద్యావిధానం కేరీ అనుకున్న దారిలో సాగలేదు. 1830లో కలకత్తా వచ్చిన అలెగ్జాండర్ డఫ్ ఆంగ్ల మాధ్యమంలో క్రైస్తవ విద్యను ప్రారంభించాడు. 1835లో మెకాలే నివేదికతో ప్రభుత్వం కూడా ఆంగ్లవిద్య వైపు మొగ్గింది. సంస్కృతం, దేశభాషల ద్వారా విజ్ఞానాన్ని అందించాలన్న శ్రీరాంపూర్ ఆశయం వెనుకబడింది.

విమర్శ, ప్రభావం

కేరీ అనువాదాలు చాలావరకు ఎక్కువకాలం నిలువలేదు. తక్కువ వ్యవధిలో అనేక భాషలలోకి చేసిన అనువాదాలలో లోపాలు ఉన్నాయని తరువాతివారు వాటిని సవరించారు, లేదా కొత్తగా అనువదించారు. ఈ పనిలో పాలుపంచుకున్న పండితులకు తగిన గుర్తింపు లభించలేదన్న అభిప్రాయం కూడా ఉన్నది. హిందూ మతాన్ని కేరీ చూసిన దృష్టి మిషనరీ దృష్టియే. రామాయణాన్ని అనువదించినా, అందులోని మతభావాలను ఇతడు ఆమోదించలేదు.

1845లో డెన్మార్కు శ్రీరాంపూర్‌ను ఆంగ్లేయులకు విక్రయించినప్పుడు కళాశాల హక్కులు ఒప్పందం ద్వారా కాపాడబడ్డాయి. అయినా పట్టాలు ఇచ్చే అధికారం చాలాకాలం వినియోగంలోకి రాలేదు. జార్జ్ హోవెల్స్ ప్రిన్సిపాలుగా ఉన్న కాలంలో వేదాంత విభాగం పునరుద్ధరించబడి, 1915లో మొదటిసారిగా బి.డి. పట్టాలు ప్రదానం చేయబడ్డాయి. 1918లో బెంగాలు శాసనసభ చేసిన చట్టంతో వివిధ క్రైస్తవ శాఖల ప్రతినిధులతో కూడిన సెనేట్ ఏర్పడింది. భారతదేశంలోని అనేక వేదాంత కళాశాలలు ఈ సెనేట్‌కు అనుబంధంగా పనిచేస్తున్నాయి. హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ థియలాజికల్ కళాశాల వాటిలో ఒకటి. మరొకవైపు శ్రీరాంపూర్ కళాశాలలోని ఆర్ట్స్, సైన్సు విభాగాలు కలకత్తా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా అన్ని మతాల విద్యార్థులకు విద్యనందిస్తున్నాయి. బోధకుల శిక్షణ, సాధారణ విద్య ఒకే ఆవరణలో సాగాలన్న 1818 నాటి ప్రణాళిక ఈ రూపంలో కొనసాగుతున్నది.